గేజ్ మారితే అంకె మారుతుంది: ప్రెషర్ యూనిట్లను మార్చుకోవడం ఎలా?

పర్లాకిమిడి పక్కన ఒక రైస్ మిల్లులో జరిగింది ఇది. బియ్యంలో రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్ మిషన్‌కు గాలి ఇచ్చే కంప్రెసర్ మీద పాత గేజ్ అద్దం పగిలిపోతే కొత్తది తెచ్చి బిగించాం. సరిపడా ప్రెషర్ రాగానే మోటారును దానంతటదే ఆపే ప్రెషర్ స్విచ్ కూడా రెండు రోజులుగా పని చేయడం లేదు. ముల్లు 7 మీదకు రాగానే మోటారు ఆపేయమని అక్కడి కుర్రాడికి చెప్పి నేను బాయిలర్ వైపు వెళ్లాను. కాసేపటికి సేఫ్టీ వాల్వ్ బుస్సుమంటూ తెరుచుకుంది. పరుగెత్తుకొచ్చి మోటారు ఆపాను. పిల్లాడు వణికిపోతున్నాడు. "అన్నయ్యా, ఇంకా ఒక్క కేజీ కూడా ఎక్కలేదు కదా, ఏడు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను" అన్నాడు.

గేజ్ చూశాను. ముల్లు 0.9 దాటి ఉంది. పాతది కేజీల గేజ్, కొత్తది మెగాపాస్కల్ గేజ్. వాడు చూడాల్సింది 7 కాదు, 0.7. తప్పు వాడిది కాదు, నాది. డయల్ మీద ఏ యూనిట్ ఉందో చూడకుండా అంకె ఒక్కటే చెప్పి వెళ్లిపోయాను. సేఫ్టీ వాల్వ్ సరిగ్గా ఉంది కాబట్టి సరిపోయింది.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఇలాంటి పనుల్లో ఉన్న మన పిల్లలు బడిలో ఒడియాలో 'చాప' అని చదువుకుని ఉంటారు. తెలుగు పుస్తకం పడితే అది 'పీడనం'. పనిలోకి వస్తే అందరికీ 'ప్రెషర్'. ఈ మాటలతో ఎవరికీ ఇబ్బంది లేదు, మనవాళ్లు మూడు భాషల్లో ఇట్టే సర్దుకుపోతారు. ఇబ్బంది అంతా యూనిట్లతోనే. బాయిలర్ పుస్తకంలో కేజీలు, కంప్రెసర్ మీద బార్, పీవీసీ పైపు మీద మెగాపాస్కల్, బీపీ మిషన్ మీద పాదరసం మిల్లీమీటర్లు, తుఫాను కబురులో హెక్టోపాస్కల్. అన్నీ మెట్రిక్ యూనిట్లే, అన్నీ కొలిచేది ఒక్కదాన్నే. ఒకదాని నుంచి ఇంకోదానికి ఎలా వెళ్లాలో నేను కుర్రాళ్లకు నేర్పే వరుసలోనే చెబుతాను.

ముందు డయల్ మీది అక్షరాలు చదవండి

అంకె చూడకముందే గేజ్ మధ్యలో చిన్నగా రాసి ఉన్న యూనిట్ చూడండి. పెద్ద అక్షరం ఎం, తర్వాత పెద్ద పీ, చిన్న ఏ ఉంటే మెగాపాస్కల్. ముందు చిన్న కే ఉంటే కిలోపాస్కల్. అదే ఎం చిన్న అక్షరంలో ఉంటే మిల్లీ అవుతుంది. మెగాకూ మిల్లీకీ మధ్య తేడా వంద కోట్ల రెట్లు! కాబట్టి మీరు కాగితం మీద రాసేటప్పుడు కూడా పెద్ద ఎం, చిన్న ఎం జాగ్రత్తగా రాయండి. చాలా గేజ్‌లలో రెండు వరుసల అంకెలు ఉంటాయి, బయట ఒక రంగు, లోపల ఇంకో రంగు. ఏ వరుస ఏ యూనిట్‌దో రంగును బట్టి పోల్చుకోండి. లోపలి వరుస చాలాసార్లు పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే లెక్క, అయి ఉంటుంది. అది మెట్రిక్ యూనిట్ కాదు, టైర్ల షాపులో "ముప్పై కొట్టు" అంటే ఆ యూనిట్‌లోనే. దాన్ని 14.5తో భాగిస్తే బార్ వస్తుంది. 30 పీఎస్ఐ అంటే దాదాపు 2.07 బార్. ఇక పీఎస్ఐని ఇక్కడ వదిలేస్తున్నాను.

పాస్కల్‌ను లక్షల్లో గుర్తుపెట్టుకోండి

ఒక చదరపు మీటరు మీద ఒక న్యూటన్ బలం పడితే అది ఒక పాస్కల్. ఫ్రాన్స్ శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ పేరును ఈ యూనిట్‌కు 1971లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ ఖాయం చేసింది. ఇది చాలా చిన్న యూనిట్. రాయగడ పక్కనే జేకేపూర్‌లో కాగితం మిల్లు ఉంది కదా, మామూలు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) కాగితం ఒకటి తీసి బల్ల మీద పరవండి. ఆ కాగితం బల్ల మీద పెట్టే ప్రెషర్ 0.8 పాస్కల్ కన్నా కాస్త తక్కువ. అందుకే పనిలో ఎవరూ ఒట్టి పాస్కల్ వాడరు, వందల్లో, వేలల్లో, లక్షల్లో వాడతారు.

మనకు లక్షలు అలవాటే కాబట్టి ఇది తేలిక. వంద పాస్కల్‌లు ఒక హెక్టోపాస్కల్. వెయ్యి అయితే కిలోపాస్కల్. లక్ష పాస్కల్‌లు ఒక బార్. పది లక్షలు ఒక మెగాపాస్కల్. అంటే ఒక మెగాపాస్కల్‌లో సరిగ్గా పది బార్లు. బార్‌లో వెయ్యో వంతు మిల్లీబార్, అది వంద పాస్కల్‌లు, కాబట్టి మిల్లీబార్ అన్నా హెక్టోపాస్కల్ అన్నా ఒకటే. వీటి మధ్య మార్చడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు, చుక్క జరిపితే చాలు. 0.7 మెగాపాస్కల్‌ను బార్ చేయాలంటే చుక్కను ఒక స్థానం కుడికి జరపండి: 7 బార్. దాన్నే కిలోపాస్కల్ చేయాలంటే ఇంకో రెండు స్థానాలు: 700.

చుక్క జరపడం తేలిక కాబట్టే తప్పు కూడా ఇక్కడే జరుగుతుంది. బార్‌కూ కేజీకీ మధ్య రెండు శాతం తేడా వస్తే కంప్రెసర్‌కు ఏమీ కాదు. చుక్క ఒక్క స్థానం తప్పితే ట్యాంకులోకి పది రెట్లు ఎక్కించబోతాం.

అన్నిటినీ కిలోపాస్కల్ జంక్షన్‌కు తీసుకురండి

గుణుపురంలో రైలెక్కితే విశాఖకు వెళ్లాలన్నా బరంపురం వెళ్లాలన్నా పర్లాకిమిడి మీదుగా నౌపడ జంక్షన్‌కు రావాల్సిందే. యూనిట్లకు కూడా అలాంటి జంక్షన్ ఒకటి పెట్టుకోండి. ఏ యూనిట్ నుంచి ఏ యూనిట్‌కైనా నేరుగా వెళ్లే సూత్రాలు బట్టీ పట్టాలంటే పదుల కొద్దీ గుర్తుపెట్టుకోవాలి, అందులో గుణించాలా భాగించాలా అన్న తికమక ఒకటి. నేను కిలోపాస్కల్‌ను జంక్షన్‌గా పెట్టుకున్నాను. ఈ ఏడు అంకెలు చాలు:

1 మెగాపాస్కల్ = 1,000 కిలోపాస్కల్
1 బార్ = 100 కిలోపాస్కల్
1 హెక్టోపాస్కల్ లేదా మిల్లీబార్ = 0.1 కిలోపాస్కల్
1 కేజీ (చదరపు సెంటీమీటరుకు) = 98.07 కిలోపాస్కల్
1 మీటరు నీటి ఎత్తు = 9.807 కిలోపాస్కల్
1 మిల్లీమీటరు పాదరసం = 0.1333 కిలోపాస్కల్
1 అట్మాస్ఫియర్ = 101.325 కిలోపాస్కల్

మీ దగ్గర ఉన్న యూనిట్ నుంచి జంక్షన్‌కు వచ్చేటప్పుడు ఆ వరుసలోని అంకెతో గుణించండి. జంక్షన్ నుంచి వేరే యూనిట్‌కు పోయేటప్పుడు దాని అంకెతో భాగించండి. వచ్చేటప్పుడు గుణకారం, పోయేటప్పుడు భాగహారం, అంతే.

ఒకటి చేసి చూద్దాం. ఆక్సిజన్ సిలిండర్ గేజ్ 150 కేజీలు చూపిస్తోంది. కొత్తగా వచ్చిన రెగ్యులేటర్ మీద లెక్క బార్‌లో ఉంది. 150ని 98.07తో గుణిస్తే 14,710 కిలోపాస్కల్‌లు. దాన్ని 100తో భాగిస్తే 147.1 బార్. మెగాపాస్కల్ కావాలంటే 1,000తో భాగించండి, 14.7 వస్తుంది.

'కేజీ' అంటే ఏంటో ఒకసారి చేత్తో చూడండి

మనం "ఏడు కేజీల ప్రెషర్" అంటాం కానీ పూర్తి పేరు చదరపు సెంటీమీటరుకు కిలోగ్రామ్ బలం. చిటికెన వేలి గోరు దాదాపు ఒక చదరపు సెంటీమీటరు ఉంటుంది. ఆ గోరు మీద ఒక కేజీ బియ్యం బరువంతా నిలబెట్టినట్టు ఊహించుకోండి, అది ఒక కేజీ ప్రెషర్. ఏడు కేజీలంటే ఆ గోరంత చోటులో ఏడు కేజీల బియ్యం. ట్యాంకు లోపలి రేకు మీద ప్రతి గోరంత చోటులోనూ అంత బరువు నొక్కుతోంది. ఇది తెలిశాక ఎవరూ గేజ్‌ను తేలిగ్గా తీసుకోరు.

98.07 ఎక్కడి నుంచి వచ్చింది? ఒక కిలో బరువు అంటే 9.80665 న్యూటన్‌లు. చదరపు మీటరులో పది వేల చదరపు సెంటీమీటర్లు ఉంటాయి. రెండూ గుణిస్తే 98,066.5 పాస్కల్‌లు. లక్షకు రెండు వేలు తక్కువ, అంటే బార్ కన్నా రెండు శాతం తక్కువ. అందుకే పని దగ్గర 7 కేజీలను 7 బార్ అనుకున్నా (సరైన లెక్కలో 6.86) నడిచిపోతుంది. గేజ్ ముల్లే అంత ఖచ్చితంగా చదవలేం. కానీ గేజ్ కాలిబ్రేషన్ పేపర్లలో, బాయిలర్ ఇన్‌స్పెక్షన్ పేపర్లలో ఈ రెండు శాతం వదలకండి, సరైన అంకె రాయండి.

కొండ మీది ఊట నుంచి ఊళ్లోకి పైపు వేసేటప్పుడు

ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి. గజపతి, రాయగడ జిల్లాల కొండ ఊళ్లలో మోటారు లేకుండా పైనున్న ఊట నీళ్లను పైపులో కిందికి దించుకుంటారు. ఆ పనిలో యూనిట్ల తప్పు నేరుగా పైపును పగలగొడుతుంది.

నీళ్లు పది మీటర్ల ఎత్తు నిలబడితే అడుగున ఒక కేజీ ప్రెషర్ వస్తుంది. పైపు లావు, సన్నం దీన్ని మార్చవు, పైపు పొడవూ మార్చదు. చూడాల్సింది నిలువు ఎత్తు ఒక్కటే. వాలు వెంట కిలోమీటరు పైపు వేసినా, ఊటకూ ఊళ్లో కుళాయికీ మధ్య నిలువు తేడా 75 మీటర్లయితే, ప్రెషర్‌కు ఆ 75 మీటర్లే లెక్క.

75ను 9.807తో గుణించండి, సుమారు 735.5 కిలోపాస్కల్‌లు. అంటే 0.74 మెగాపాస్కల్, లేదా 7.36 బార్, లేదా సరిగ్గా ఏడున్నర కేజీలు. ఇప్పుడు షాపులో పైపు తిప్పి చూడండి. మన దగ్గర ఎక్కువగా అమ్మే పీవీసీ పైపులను 4 కేజీ, 6 కేజీ, 10 కేజీ అంటారు. పైపు మీద మాత్రం 0.4, 0.6, 1.0 మెగాపాస్కల్ అని ముద్ర ఉంటుంది. ఆరు కేజీల పైపు అరవై మీటర్ల ఎత్తు నీళ్లకే. మన ఊటకు అది చాలదు. ధర చూసి అదే కొని వేస్తే, పగలంతా కుళాయిలు తెరిచి ఉన్నంతసేపు ఏమీ కాకపోవచ్చు. నీళ్లు పారుతున్నప్పుడు పైపులో రాపిడి వల్ల కొంత ప్రెషర్ తగ్గిపోతుంది కాబట్టి. రాత్రి అందరూ కుళాయిలు కట్టేశాక నీళ్లు కదలకుండా నిలబడతాయి, అప్పుడు ఏడున్నర కేజీలూ అడుగు పైపు మీద పడతాయి. తెల్లారి లేచి చూస్తే అడుగు పైపు చీలి ఉంటుంది. పైగా ఎవరైనా వాల్వ్ టక్కున కట్టేస్తే పారే నీళ్లు గుద్దుకుని క్షణం పాటు ఇంకా ఎక్కువ ప్రెషర్ వస్తుంది.

కాబట్టి నిలువు ఎత్తును మీటర్లలో కొలవండి, పదితో భాగించి కేజీలు చేయండి, పైపు మీది మెగాపాస్కల్‌ను పదితో గుణించి దానితో పోల్చండి. చాలకపోతే కింది భాగంలో పది కేజీల పైపు వేయండి, లేదా వాలు మధ్యలో చిన్న తొట్టి కట్టి నీళ్లను అందులో పడనిచ్చి మళ్లీ పైపు మొదలుపెట్టండి. తొట్టిలో నీళ్లు గాలికి తెరుచుకుంటాయి, ప్రెషర్ అక్కడ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

వంటగ్యాస్ రెగ్యులేటర్ కూడా నీటి ఎత్తు లెక్కతోనే బాగా అర్థమవుతుంది. ఇంటి రెగ్యులేటర్ నుంచి స్టవ్‌కు వచ్చే గ్యాస్ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు. అంటే 30 సెంటీమీటర్ల నీటి ఎత్తు, 2.94 కిలోపాస్కల్‌లు, 29.4 మిల్లీబార్లు. స్కేలు పొడవంత నీళ్లు పెట్టే ప్రెషర్‌తో వంటంతా అయిపోతోంది!

పాదరసం మిల్లీమీటర్లు

పాదరసం నీటికన్నా దాదాపు 13.6 రెట్లు బరువు. అందుకే నీరు పది మీటర్లు నిలబడే చోట పాదరసం ముప్పావు మీటరే నిలబడుతుంది. 1643లో ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లి చూపించింది ఇదే. గాలి ప్రెషర్ పాదరసాన్ని 760 మిల్లీమీటర్ల వరకు నిలబెడుతుంది, అది ఒక అట్మాస్ఫియర్.

ఇంట్లో పెద్దవాళ్ల బీపీ 120/80 అంటే ఆ మిల్లీమీటర్లే. 120ని 0.1333తో గుణిస్తే 16 కిలోపాస్కల్‌లు, 80 అయితే 10.7. ఏ మిషన్ అయినా 16/10.7 లాంటి అంకె చూపిస్తే టెన్షన్ పడకండి, అది కిలోపాస్కల్ సెట్టింగ్‌లో ఉంది. అలాగని మీరే గుణించుకుంటూ కూర్చోవద్దు. సెట్టింగ్ మార్చి మిల్లీమీటర్లలోకి తెచ్చుకోండి. డాక్టర్ గారు అడిగేది, మందు సరిచూసేది ఆ అంకెతోనే.

తుఫాను కబురు, కోరాపుట్ ఫోన్

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు దాని మధ్యలో ప్రెషర్ 940 హెక్టోపాస్కల్ అని వాతావరణ శాఖ అంచనా కట్టింది. జంక్షన్‌కు తెస్తే 94 కిలోపాస్కల్‌లు. 0.1333తో భాగిస్తే 705 మిల్లీమీటర్ల పాదరసం. మామూలుగా ఉండే 1013 కన్నా 73 హెక్టోపాస్కల్‌లు తక్కువ. ఒక్కో హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం దాదాపు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది, కాబట్టి ఒట్టి ప్రెషర్ తగ్గినందుకే ముప్పావు మీటరు. గాలి తోసుకొచ్చే ఉప్పెన దానికి అదనం, అసలు ప్రమాదం దానిదే.

1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో ఆ అంకె 912. ఇప్పుడు సాలూరు నుంచి ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వెళ్లి, ప్రెషర్ చూపించే ఫోన్ ఉంటే తీసి చూడండి. ఎండ కాస్తున్న రోజున కూడా 910 చుట్టుపక్కల చూపిస్తుంది. కోరాపుట్ సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, నెత్తిన ఉన్న గాలి తక్కువ, అందుకే ఆ అంకె. దారిలో చెవులు దిబ్బళ్లు పడేది, చిప్స్ ప్యాకెట్ ఉబ్బేది దీనివల్లే. వాతావరణ శాఖ తుఫాను మ్యాపుల్లో ఇచ్చే అంకె సముద్ర మట్టానికి సరిచేసినది, ఫోన్ చూపించేది మీరు నిలబడిన చోటిది. రెండిటికీ యూనిట్ ఒక్కటే అయినా, పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 1648లో పాస్కల్ తన బావగారు పెరియేతో పాదరసం గొట్టాన్ని ఒక కొండ మీదకు మోయించి, పైకి పోయేకొద్దీ గొట్టంలో పాదరసం కిందికి దిగుతుందని రుజువు చేయించాడు.

సున్నా ఎక్కడుందో చూసుకోండి

యూనిట్ సరిగ్గా మార్చినా లెక్క తప్పే చోటు ఇది. మామూలు గేజ్ ముల్లు సున్నా మీద ఉందంటే లోపల ప్రెషర్ లేదని కాదు, బయటి గాలితో సమానంగా ఉందని. దాన్ని గేజ్ ప్రెషర్ అంటారు. బయటి గాలిని కూడా కలిపితే ఆబ్సల్యూట్ ప్రెషర్. యూనిట్ పక్కన చిన్న జీ అక్షరం ఉంటే మొదటిది, పాస్కల్‌లోని చిన్న ఏ కాకుండా విడిగా ఇంకో చిన్న ఏ ఉంటే రెండోది.

బాయిలర్ గేజ్ 7 కేజీలు చూపిస్తోంది, ఆవిరి వేడి ఎంతో స్టీమ్ టేబుల్‌లో, అంటే ఏ ప్రెషర్ దగ్గర ఆవిరి ఎంత వేడిగా ఉంటుందో చెప్పే పట్టికలో చూడాలి. మామూలుగా ఆ టేబుల్ ఆబ్సల్యూట్‌లో ఉంటుంది. 7ను 98.07తో గుణిస్తే 686.5 కిలోపాస్కల్‌లు. దీనికి బయటి గాలి 101.3 కలపండి, 787.8. అక్కడ ఆవిరి దాదాపు 170 డిగ్రీలు. కలపడం మరిచిపోయి 686.5 దగ్గర చూస్తే 164 అని వస్తుంది, అది తప్పు.

ఇంట్లో ప్రెషర్ కుక్కర్ కూడా ఇంతే. అది ఒక కేజీ దగ్గర పని చేస్తుంది, బరంపురంలో లోపలి మొత్తం ప్రెషర్ 199 కిలోపాస్కల్‌లు, నీళ్లు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కోరాపుట్‌లో బయటి గాలి 91 మాత్రమే కాబట్టి మొత్తం 189, వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీ తక్కువ. మూత లేని గిన్నెలో అయితే అక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరిగిపోతాయి. ఘాట్ మీది ఊళ్లలో పప్పు ఆలస్యంగా ఉడుకుతుందని మన ఆడవాళ్లు చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజం.

బయటి గాలి కన్నా లోపల ఎంత తక్కువ ఉందో చూపించే వాక్యూమ్ గేజ్‌లో కలపకూడదు, బయటి గాలి లోంచి తీసేయాలి. సముద్ర మట్టం దగ్గర 500 మిల్లీమీటర్ల వాక్యూమ్ అంటే మిగిలింది 760లో 500 పోగా 260 మిల్లీమీటర్లు.

మార్చిన అంకెను వెనక్కి తిప్పి చూడండి

వచ్చిన జవాబును మళ్లీ మొదటి యూనిట్‌లోకి మార్చండి. బయలుదేరిన అంకె రాకపోతే ఎక్కడో గుణించాల్సిన చోట భాగించారు. ఇంకో చూపు కూడా అలవాటు చేసుకోండి: బార్, కేజీ, అట్మాస్ఫియర్ మూడూ దాదాపు సమానం. వాటి మధ్య మార్చినప్పుడు అంకె రెండింతలు అయినా సగం అయినా తప్పు చేసినట్టే. మెగాపాస్కల్‌లోకి వెళితే అంకె పదో వంతు కావాలి, కిలోపాస్కల్‌లోకి వెళితే వంద రెట్లు కావాలి.

కాలిక్యులేటర్ 6.864655 అని చూపిస్తే మొత్తం రాయకండి. 0.2 తేడా వరకే చదవగలిగే గేజ్ నుంచి ఆరు స్థానాల జవాబు రాదు. 6.9 రాసి, పక్కన యూనిట్ రాయండి. షిఫ్ట్ మారేటప్పుడు నోటితో చెప్పినా "ఏడు" అని వదిలేయకుండా "పాయింట్ ఏడు మెగాపాస్కల్, అంటే ఏడు కేజీలు" అని పూర్తిగా చెప్పండి.

ఆ మిల్లులో మర్నాడే ప్రెషర్ స్విచ్ కొత్తది వేయించాం. గేజ్ పక్కన ట్యాంకు మీద తెల్ల పెయింట్‌తో "0.7 దగ్గర ఆపాలి, 0.7 మెగాపాస్కల్ = 7 కేజీలు" అని తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాం. ఒడియాలో రాసింది ఆ కుర్రాడే. మీరు కూడా గేజ్ మార్చినప్పుడు ఎర్ర గీత పెట్టండి, కానీ అద్దం మీద కాదు. అద్దం వదులైతే తిరిగిపోతుంది, దానితో పాటు గీత కూడా జరిగిపోతుంది. అద్దం విప్పి డయల్ మీదే గీయండి.